నంబరు ఇచ్చింది బిల్లు కోసం

కర్నూలు పెద్దాసుపత్రి చుట్టుపక్కల ఏ మందుల అంగట్లో చీటీ అందించినా ముందు వినిపించే మాట "ఫోన్ నంబరు చెప్పండి" అనే. బిల్లు మెసేజీగా వస్తుందంటారు, చెప్పేస్తాం. నాలుగు రోజులు తిరక్కుండా అదే నంబరుకు షుగరు పరీక్షల ప్యాకేజీ ఉందంటూ ఎవరో ఫోన్ చేస్తారు. పేరు పెట్టి పిలుస్తారు. కొన్నది షుగరు మందని కూడా వాళ్లకు తెలుసు. "మీకు ఈ నంబరు ఎవరిచ్చారు?" అని అడిగితే అవతల ఫోన్ పెట్టేస్తారు.

డిజిటల్ వ్యక్తిగత డేటా పరిరక్షణ చట్టం, 2023లో ఏడో సెక్షన్ కింద ఇచ్చిన ఉదాహరణల్లో ఒకటి మందుల అంగడిదే. మందు కొన్న మనిషి తనంతట తాను నంబరిచ్చి రసీదు పంపమని అడిగితే, ఆ రసీదు పంపడానికి అంగడి ఆ నంబరును వాడుకోవచ్చు. అంతవరకే. దాన్ని ల్యాబు వాళ్లకు అందించాలంటే ఆ సంగతి విడిగా చెప్పి, విడిగా ఒప్పించుకోవాలి. ఒక పనికని ఇచ్చిన వివరం ఇంకో పనికి పోయిన చోటే నియంత్రణ సంస్థ అవసరం మొదలవుతుంది. మన దేశంలో ఆ సంస్థ భారత డేటా పరిరక్షణ బోర్డు.

ఇక్కడిదాకా రావడానికి చాలా ఏళ్లు పట్టింది. గోప్యత ప్రాథమిక హక్కేనని జస్టిస్ కె.ఎస్.పుట్టస్వామి కేసులో సుప్రీంకోర్టు తొమ్మిదిమంది జడ్జీల ధర్మాసనం 2017 ఆగస్టు 24న తీర్పు చెప్పింది. డేటా రక్షణ చట్టం కోసం వేసిన జస్టిస్ బి.ఎన్.శ్రీకృష్ణ కమిటీ 2018లో నివేదిక ఇచ్చింది. 2019లో పెట్టిన బిల్లును 2022లో వెనక్కి తీసుకున్నారు. ఇప్పటి చట్టానికి 2023 ఆగస్టు 11న రాష్ట్రపతి ఆమోదం దొరికింది, నియమాలు 2025 నవంబరులో వచ్చాయి. ఆ నియమాలు కూడా ఒక్కసారిగా అమల్లోకి రాలేదు. బోర్డు ఏర్పాటుకు సంబంధించినవి వెంటనే, సమ్మతి మేనేజర్లవి (మన తరఫున సమ్మతులు ఇచ్చే, వెనక్కి తీసుకునే పని చూసే సంస్థలవి) ఏడాదికి, మిగతావన్నీ 18 నెలలకు. అంటే నోటీసు, సమ్మతి, లీకుల సమాచారం, ఫిర్యాదు, జరిమానా లాంటి అసలు సరుకంతా 2027 మే నుంచి. ఈ తేదీ తెలియక చాలామంది ఇవాళే బోర్డుకు ఫిర్యాదు పెడితే రేపు జరిమానా పడుతుందనుకుంటున్నారు.

చట్టం గురించి మాట్లాడేటప్పుడు అందరి నోటా వచ్చేది 250 కోట్ల రూపాయల జరిమానా. చూడ్డానికి అది పెద్ద సంఖ్యే. కానీ మామూలు మనిషికి పనికొచ్చే అసలు బలం ఆరో సెక్షన్ చివర ఒక చిన్న వాక్యంలో ఉంది. సమ్మతి తీసుకున్నామని సంస్థ వాదిస్తే, నోటీసు ఇచ్చిన సంగతీ, చట్టప్రకారం సమ్మతి తీసుకున్న సంగతీ ఆ సంస్థే రుజువు చేయాలి. "నేను ఒప్పుకోలేదు" అని నిరూపించే బాధ్యత ఫిర్యాదుదారుడి మీద లేదు. కోర్టుల చుట్టూ తిరిగినవాళ్లకు ఈ తేడా ఎంతో తెలుస్తుంది. రుజువు భారం ఎవరి నెత్తిన ఉందన్నదే సగం కేసులను తేలుస్తుంది.

అందుకే ఆ రుజువు ఎలా ఉండాలో కాస్త వివరంగా చూడాలి. ముందు నోటీసు. ఏయే వివరాలు తీసుకుంటున్నారో ఒక్కొక్కటిగా రాయాలి: పేరు, ఫోన్ నంబరు, పుట్టిన తేదీ, మందుల చీటీ ఫొటో. వాటిని ఏ పనికి వాడతారో చెప్పాలి. ఇచ్చిన సమ్మతిని ఎలా వెనక్కి తీసుకోవాలో, సంస్థకు ఎక్కడ ఫిర్యాదు చేయాలో, బోర్డును ఎలా చేరాలో ఉండాలి. ఇరవై పేజీల షరతుల మధ్య ఎక్కడో దాచకుండా, నోటీసును విడిగా చదివినా అర్థమయ్యేలా ఉంచాలి. ఇంగ్లిషులో గానీ, రాజ్యాంగం ఎనిమిదో షెడ్యూల్లోని 22 భాషల్లో దేనిలో గానీ చదువుకునే వీలు ఇవ్వాలి, అందులో తెలుగూ ఉంది. ఆదోనిలో పత్తి అమ్ముకునే రైతుకు ఇంగ్లిషు నోటీసు ఒక్కటే చూపించి వేలిముద్ర వేయించుకుంటే ఆ సమ్మతి నిలవదు.

తర్వాత సమ్మతి. అది ఒత్తిడి లేకుండా, ఫలానా పనికని, విషయం తెలిసి, వేరే షరతు తగిలించకుండా, మనిషి స్పష్టంగా చేసిన చర్యతో ఉండాలి. ముందే టిక్కు పెట్టి ఉంచిన గడి చెల్లదు. పనికి అవసరం లేని వివరానికి ఒప్పుకున్నా ఆ ఒప్పుకోలు చెల్లదు. దీనికీ చట్టంలో ఉదాహరణ ఉంది: ఫోన్లో వైద్యం చేసే యాప్ ఒకటి వైద్య సేవకు అవసరమైన వివరాలతో పాటు ఫోన్లోని కాంటాక్టుల జాబితా కూడా అడిగింది, మనిషి రెంటికీ సరేనన్నాడు. వైద్యానికి కాంటాక్టులతో పని లేదు కాబట్టి ఆ రెండో సమ్మతికి విలువ లేదు. సమ్మతి ఇవ్వడం ఎంత తేలికో, వెనక్కి తీసుకోవడమూ అంతే తేలికగా ఉండాలి. ఒక్క నొక్కుతో చేర్చుకుని, తీసేయమంటే హెడ్డాఫీసుకు ఉత్తరం రాయమనడం కుదరదు.

అనంతపురంలో ఒక నగల దుకాణమో ఫైనాన్సు కంపెనీయో పదేళ్లుగా పోగేసిన కస్టమర్ల జాబితా సంగతేమిటి? చట్టం అమల్లోకి రాకముందు తీసుకున్న సమ్మతులకు కూడా వీలైనంత త్వరగా నోటీసు పంపాలి. చాలా అంగళ్లు బోల్తా పడేది ఇక్కడేనని గట్టిగా చెప్పవచ్చు. ఏ నంబరు ఎప్పుడు, ఎందుకు తీసుకున్నారో వాళ్ల ఎక్సెల్ షీటులో కాలమే ఉండదు. లేని కాలంతో రుజువు చూపడం ఎవరి తరమూ కాదు. ఇప్పటినుంచే ఆ షీటులో మూడు కాలాలు చేర్చుకోవడం మంచిది: తీసుకున్న తేదీ, ఏ పనికి, ఎప్పుడు తుడిచేయాలి. మూడోది నింపలేని వరుసను అసలు ఉంచకూడదు, ఎందుకంటే పని తీరిపోయిన డేటాను తుడిచేయడం కూడా చట్టం పెట్టిన బాధ్యతే. ఒక్క మాట: పూర్తిగా కాగితం మీదే ఉండి కంప్యూటరెక్కని రిజిస్టరుకు ఈ చట్టం వర్తించదు.

ఇక లీకు. హ్యాకరు అనగానే ఎక్కడో విదేశాల్లో కూర్చున్న మనిషి గుర్తొస్తాడు గానీ, జిల్లా కేంద్రాల్లో జరిగే లీకులు చాలావరకు ఇంతకంటే సాదాగా ఉంటాయి. ఒక ల్యాబు ఉందనుకుందాం. రక్తపరీక్ష రిపోర్టు లింకు మెసేజీగా పంపుతుంది. లింకు చివర రిపోర్టు నంబరు ఉంటుంది, 48215 అని. కుతూహలం కొద్దీ ఎవరో దాన్ని 48216 చేసి నొక్కుతారు. ఇంకో మనిషి పేరు, వయసు, డాక్టరు పేరు, హెచ్‌ఐవీ పరీక్ష ఫలితం తెరుచుకుంటాయి. తాళం పగలగొట్టిందేమీ లేదు, అసలు తాళమే వేయలేదు. రిపోర్టు తెరిచే ముందు ఓటీపీ అడగకపోవడం, నంబర్లు వరుసగా ఇవ్వడం, ఎవరు ఏది తెరిచారో లాగ్ దాచకపోవడం అనే మూడు తప్పులు ఒకేచోట చేరితే ఇలా అవుతుంది.

ఇలాంటిది బయటపడిన క్షణం నుంచి గడియారం తిరుగుతుంది. ఆలస్యం లేకుండా రెండు వైపులా చెప్పాలి. వివరాలు బయటపడ్డ ప్రతి మనిషికీ ఏం జరిగింది, ఎప్పుడు, ఎంతమేరకు, దానివల్ల తనకు రాగల ఇబ్బంది ఏమిటి, సంస్థ ఏం చేస్తోంది, తాను తీసుకోవాల్సిన జాగ్రత్త ఏమిటి, ఎవరిని సంప్రదించాలి అన్నవి తేలిక మాటల్లో తెలపాలి. బోర్డుకు మొదట వెంటనే ఒక సమాచారం ఇచ్చి, సంగతి తెలిసిన 72 గంటల్లోపు పూర్తి వివరం అందించాలి: ఎలా జరిగింది, ఎవరివల్ల, ఎలా ఆపారు, మళ్లీ జరగకుండా ఏం చేస్తున్నారు, బాధితులకు చెప్పారా లేదా. వేరేగా, దేశ సైబర్ భద్రతా సంస్థ సెర్ట్-ఇన్‌కు ఆరు గంటల్లో తెలపాలన్న 2022 ఏప్రిల్ ఆదేశం ఎప్పటినుంచో ఉంది.

లీకైన సంగతి దాచిపెడితే 200 కోట్ల వరకు జరిమానా పడొచ్చు. తగిన భద్రత పెట్టుకోకపోతే 250 కోట్ల వరకు. తప్పు మాది కాదు, సాఫ్ట్‌వేర్ చేసిచ్చిన హైదరాబాద్ కంపెనీదని ల్యాబు యజమాని చేతులు దులుపుకోలేడు. డేటా తీసుకున్నవాడే జవాబుదారీ, పని ఎవరికి అప్పజెప్పినా సరే. కాబట్టి ఆ కంపెనీతో చేసుకునే ఒప్పందంలో భద్రత షరతులు రాయించుకోవాలి, లాగులు కనీసం ఏడాదిపాటు దాచాలి, డేటాను ఎన్‌క్రిప్షన్‌లో (వేరేవాళ్లు తెరిచినా చదవలేని రూపంలో) గానీ కొంత మూసి గానీ ఉంచాలి, బ్యాకప్ ఉండాలి. బ్యాకప్ ఎందుకంటే, వైరసు దూరి ఫైళ్లకు తాళం పడి తెరుచుకోకపోయినా చట్టం దృష్టిలో అదీ ఉల్లంఘనే. వివరాలు ఎవరి చేతికీ చిక్కకపోయినా, కావలసినప్పుడు అందకుండా పోయాయి కదా.

ఫిర్యాదు దారి ఇప్పుడు చూద్దాం. నేరుగా బోర్డు దగ్గరికి వెళ్లే వీల్లేదు. ముందు సంస్థకే రాయాలి. ఆ రాతలో పదకొండో సెక్షన్ హక్కును వాడుకోవాలి. నా గురించి మీ దగ్గర ఉన్న వివరాలేమిటి, వాటితో ఏం చేస్తున్నారు, ఎవరెవరికి ఇచ్చారు, ఏ వివరం ఇచ్చారు అని అడగవచ్చు. ఈ చివరి రెండు ప్రశ్నలకే పదును ఎక్కువ. షుగరు ప్యాకేజీ అమ్మేవాడిని నిలదీస్తే ఫోన్ పెట్టేస్తాడు, మందుల అంగడిని రాతపూర్వకంగా అడిగితే జవాబు చెప్పి తీరాలి. ఫిర్యాదు తేల్చడానికి సంస్థకు గరిష్ఠంగా 90 రోజులు. జవాబు రాకపోయినా, వచ్చింది సరిగా లేకపోయినా అప్పుడు బోర్డు.

చాలా ఫిర్యాదులు వీగిపోయేది ఈ మొదటి మెట్టు మీదే. నోటితో అడిగి ఊరుకుంటారు. కౌంటరు దగ్గర గొడవపడి వస్తారు. మూడు నెలల తర్వాత చూపడానికి కాగితం ముక్క ఉండదు. ఈమెయిలు గానీ, సంస్థ యాప్‌లో ఫిర్యాదు నంబరు గానీ, అది కూడా లేకపోతే రిజిస్టర్డ్ పోస్టు రసీదు గానీ చేతిలో ఉండాలి. నంబరు ఇచ్చిన రోజు బిల్లు దాచుకోవాలి. ఫోన్ వచ్చిన తేదీ, సమయం, అవతలి నంబరు కనిపించేలా స్క్రీన్‌షాట్ తీసుకోవాలి. తప్పుడు ఫిర్యాదు చేసినా, వేరే మనిషిలా నటించినా ఫిర్యాదుదారుడికే 10,000 రూపాయల వరకు జరిమానా ఉందని కూడా గుర్తుంచుకోవాలి.

బోర్డు చేతికి ఫిర్యాదు వెళ్లాక మొదటి ప్రశ్న, విచారణకు సరిపడా ఆధారం ఉందా అని. లేదనుకుంటే కారణాలు రాసి మూసేస్తుంది. ఉందనుకుంటే విచారణ. సాక్షులను పిలిపించడం, ప్రమాణం చేయించడం, రికార్డులు తెప్పించుకోవడం లాంటి విషయాల్లో సివిల్ కోర్టుకున్న అధికారాలు దానికి ఉన్నాయి. అయితే సంస్థ రోజువారీ పని ఆగిపోయేలా కంప్యూటర్లు స్వాధీనం చేసుకోకూడదు. ఆరు నెలల్లో విచారణ ముగించాలి, అవసరమైతే కారణం రాసి మూడేసి నెలలు పొడిగించుకోవచ్చు. ఇద్దరినీ కూర్చోబెట్టి రాజీకి పంపవచ్చు. సంస్థ తానే ముందుకొచ్చి ఇకపై ఇలా చేస్తామని రాతపూర్వకంగా హామీ ఇస్తే ఒప్పుకోవచ్చు, ఆ మాట తప్పితే అదే కొత్త ఉల్లంఘన అవుతుంది. బోర్డు తీర్పు నచ్చనివారు 60 రోజుల్లో టెలికాం వివాదాల అప్పిలేట్ ట్రిబ్యునల్‌కు వెళ్లాలి. ఇదే వ్యవహారం మీద సివిల్ కోర్టులో దావా వేయడానికి వీల్లేదు.

లోకాయుక్త, రాష్ట్ర మానవ హక్కుల కమిషన్ 2021లో కర్నూలుకు వచ్చినప్పుడు సీమ జనానికి ఒక వెసులుబాటు కనిపించింది: బస్సెక్కి వెళ్లి, అర్జీ చేతికిచ్చి, ముద్ర వేయించుకుని రావచ్చు. డేటా బోర్డుకు అలాంటి గుమ్మం ఏ ఊళ్లోనూ ఉండదు. ఫిర్యాదు, విచారణ, ఉత్తర్వు అన్నీ ఆన్‌లైన్‌లో జరిగే డిజిటల్ ఆఫీసు అది. ఢిల్లీ దాకా పోయే ఖర్చు తప్పడం మంచిదే. కానీ పత్తికొండ మండలంలో స్మార్ట్‌ఫోన్‌ను మనవడి చేత నడిపించుకునే ముసలమ్మకు ఈ ఆఫీసు తలుపు ఎక్కడుందో చూపించాలి. గ్రామ సచివాలయంలో డిజిటల్ అసిస్టెంటు ఉన్నారు, మీసేవ కేంద్రాలున్నాయి. 2027 మే లోపు వాళ్లకు ఈ ఫిర్యాదు నింపడం నేర్పిస్తే చట్టం మండలం దాకా దిగుతుంది.

బోర్డు స్వతంత్రత మీద వస్తున్న విమర్శను తేలిగ్గా తీసేయలేం. చైర్‌పర్సన్‌ను, సభ్యులను నియమించేది కేంద్ర ప్రభుత్వం. పదవీకాలం రెండేళ్లే, మళ్లీ నియమించవచ్చు. పెద్ద కేసు ఒకటి మొదలై ముగిసేసరికే సగం పదవీకాలం అయిపోతుంది, తిరిగి నియమించే చేయి ప్రభుత్వానిదే. ఆ ప్రభుత్వమే దేశంలో అందరికంటే ఎక్కువ వ్యక్తిగత డేటా ఉన్న సంస్థ కూడా. పైగా పదిహేడో సెక్షన్ కింద తన విభాగాలను చట్టం నుంచి మినహాయించుకునే అధికారం కేంద్రానికి ఉంది. ఐదారేళ్ల పదవీకాలం, ప్రతిపక్షానికి కూడా చోటున్న ఎంపిక కమిటీ ఉండి ఉంటే ఈ అనుమానం చాలావరకు తగ్గేది.

ఇంకో లోటు పరిహారానిది. బోర్డు వేసే జరిమానా భారత సంచిత నిధికి జమ అవుతుంది. రిపోర్టు బయటపడి పెళ్లి సంబంధం తప్పిపోయిన అమ్మాయికి అందులో ఒక్క రూపాయి రాదు. యూరప్ చట్టంలో నష్టపోయిన మనిషికి పరిహారం అడిగే హక్కు ఉంది. మన దగ్గర కూడా ఐటీ చట్టంలోని 43ఏ సెక్షన్ కింద, సున్నితమైన వివరాలను నిర్లక్ష్యంగా ఉంచిన కంపెనీ నుంచి పరిహారం కోరే దారి ఉంది. 5 కోట్ల రూపాయల దాకా కోరే కేసులను రాష్ట్ర ఐటీ కార్యదర్శి న్యాయనిర్ణయాధికారిగా విచారిస్తారు. కొత్త చట్టం పూర్తిగా అమల్లోకి రాగానే ఆ సెక్షన్ తొలగిపోతుంది. జరిమానా భయం పెద్ద కంపెనీలను దారిలో పెడుతుందన్నది నిజమే కావచ్చు, అయినా నష్టపోయినవాళ్ల చేతికి ఉన్న ఒక్క దారినీ మూసేయడం తప్పు.

ఇంత కాలం బోర్డు కోసం కాచుకుని కూర్చోనక్కర లేని విషయాలు కొన్ని ఉన్నాయి. వేరుశనగ విత్తే అదనులో చేతిలో డబ్బు ఆడక ఫోన్లోని అప్పు యాప్‌ను ఆశ్రయించేవాళ్లు అనంతపురం పల్లెల్లో ఉన్నారు. అప్పు ఇచ్చే యాప్ ఫోన్లోని కాంటాక్టులు, ఫొటోలు, ఫైళ్లు, కాల్ వివరాల జోలికి వెళ్లకూడదని రిజర్వు బ్యాంకు 2022లోనే నిబంధన పెట్టింది. కెమెరా, లొకేషన్ లాంటివి కూడా కేవైసీ పని కోసం ఒక్కసారి, మనిషి ఒప్పుకుంటేనే. అలా కాంటాక్టులు అడిగిన యాప్‌ను అక్కడికక్కడే తీసేయడం ఉత్తమం. అప్పు ఇచ్చిన బ్యాంకుకో ఫైనాన్సు కంపెనీకో రాసిన ఫిర్యాదు 30 రోజుల్లో తేలకపోతే ఫిర్యాదులు విచారించే రిజర్వు బ్యాంకు అంబుడ్స్‌మన్‌కు ఆన్‌లైన్‌లో వెళ్లవచ్చు. డబ్బే పోతే మాత్రం ఆలోచించే పని లేదు, వెంటనే సైబర్ మోసాల హెల్ప్‌లైన్ 1930కి ఫోన్ చేయాలి.

కడప ఏడురోడ్ల దగ్గర గానీ, ఏ కలెక్టరేటు ఎదుట గానీ జిరాక్స్ అంగడికి వెళ్లి కాసేపు నిలబడితే ఇంకో సంగతి కనిపిస్తుంది. వచ్చిన మనిషి ఆధార్ పీడీఎఫ్‌ను అంగడి వాట్సాప్ నంబరుకు పంపుతాడు. కంప్యూటరులో వాట్సాప్ వెబ్ తెరిచే ఉంటుంది. ఫైలు డౌన్‌లోడ్స్ ఫోల్డరులో పడుతుంది, ప్రింటు వస్తుంది, ఐదు రూపాయలు చేతులు మారతాయి. ఫైలు అక్కడే ఉండిపోతుంది. ఆ ఫోల్డరును కిందికి జరిపితే పాసుబుక్కులు, పాన్ కార్డులు, పెళ్లి సర్టిఫికెట్లు వందల్లో ఉంటాయి. మన ఫోన్లో "అందరికీ తొలగించు" నొక్కినా ఆ కంప్యూటరులో దిగిన కాపీ పోదు. ఆధార్ పీడీఎఫ్‌కు పాస్‌వర్డ్ ఉంది కదా అనుకుంటారు గానీ, అది పేరులో మొదటి నాలుగు ఇంగ్లిషు అక్షరాలు, పుట్టిన సంవత్సరం. ఆ మనిషి ఎవరో తెలిసినవాళ్లకు అదొక తాళమే కాదు.

డేటా బోర్డు ఈ ఫోల్డరును ఎన్నటికీ చూడలేదు. అంగడి యజమాని సాయంత్రం షట్టరు దించే ముందు ఆ ఫోల్డరు ఖాళీ చేసి, రీసైకిల్ బిన్ కూడా ఖాళీ చేస్తే రెండు నిమిషాల పని. వెళ్లేవాళ్లు మొదటి ఎనిమిది అంకెలు కనిపించని మాస్క్డ్ ఆధార్‌ను, ఆధార్ ఇచ్చే సంస్థ ఉడాయ్ (యూఐడీఏఐ) సైటు నుంచి దించుకుని ఇవ్వవచ్చు. నంబరే అడిగిన చోట ఆధార్ నంబరుకు బదులుగా వాడే 16 అంకెల వర్చువల్ ఐడీ ఇవ్వవచ్చు, అది ఎప్పుడంటే అప్పుడు మార్చుకోవచ్చు. వేలిముద్రల లాక్ వేసుకుంటే మన ఆధార్ మీద మనకు తెలియకుండా వేలిముద్ర లావాదేవీ జరగదు. సరుకుల కోసం రేషన్ అంగడి దగ్గర వేలు పెట్టే ముందు దాన్ని తీయాలి, మళ్లీ వేసుకోవాలి. కొంత చాకిరీయే, అయినా బ్యాంకులో నాలుగు డబ్బులున్న పెద్దవాళ్లకు చేసిపెట్టాల్సిన పని.

పిల్లల డేటా మీద చట్టం అన్నింటికంటే కఠినంగా ఉంది. 18 ఏళ్లు నిండనివాళ్ల వివరాలు తీసుకోవాలంటే తల్లిదండ్రుల సమ్మతి, అది కూడా పరిశీలించి నిర్ధారించుకునేలా ఉండాలి. వాళ్ల కదలికలను గమనించి వాళ్లకే ప్రకటనలు గురిపెట్టడం నిషేధం. ఉల్లంఘిస్తే 200 కోట్ల వరకు. బడులకు, కాలేజీలకు కొంత మినహాయింపు ఉంది, కానీ అది తమ దగ్గర చేరిన పిల్లల చదువు, భద్రత కోసం చేసే పనుల వరకే. ఏటా పదో తరగతి పరీక్షలు దగ్గరపడగానే కర్నూలు, అనంతపురం, కడపల్లో అమ్మానాన్నల ఫోన్లు మోగుతుంటాయి. ఎప్పుడూ గడప తొక్కని కాలేజీల మనుషులు పిల్లవాడి పేరు, బడి పేరు, ఒక్కోసారి మార్కులు కూడా చెప్పి మాట్లాడతారు. ఆ జాబితా ఏ బడి కంప్యూటరు నుంచో, ఏ ట్యూషన్ రిజిస్టరు నుంచో చేతులు మారి వచ్చి ఉంటుంది. అలా పిల్లల జాబితా ఇచ్చిన బడికి గానీ, దాన్ని కొన్న కాలేజీకి గానీ ఆ మినహాయింపు అండగా నిలవదు.

2027 మే తర్వాత పదో తరగతిలోకి వచ్చే పిల్లలు, అంటే 2028 పరీక్షలు రాసేవాళ్లు, ఈ నిబంధనలన్నీ అమల్లో ఉండగా ఆ ఫోన్లు అందుకునే మొదటి బ్యాచ్. ఫోన్ రాగానే తల్లిదండ్రులు చేయాల్సింది ఆ కాలేజీ పేరు, తేదీ రాసుకుని, బడికి ఒక ఈమెయిలు పెట్టడం: "మా బిడ్డ వివరాలు ఎవరెవరికి ఇచ్చారో తెలపండి."